ఏ మజిలీ ముందు?

సెలవులు దగ్గరపడేసరికి మన ఇళ్లలో ఒక జాబితా తయారవుతుంది. గల్ఫ్ నుంచి పెద్దబ్బాయి వస్తాడు, హైదరాబాదు నుంచి కూతురూ అల్లుడూ వస్తారు, పిల్లలకు బళ్లు ఉండవు. అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్లాలి. ఎక్కడికి అన్నది తేలడానికి ఒక పూట చాలు. చూడవలసిన చోట్లు ఏవో ఫోను చెబుతుంది. వాటిని ఏ వరుసలో చూడాలన్నది మాత్రం ఎవరూ కూర్చుని ఆలోచించరు. దారిలో ఏది ముందు వస్తే అదే ముందు అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాము. దానివల్ల మా ఇంట్లో ఒకరికి జరిగిన లోటును సరిదిద్దడానికి మాకు రెండేళ్లు పట్టింది.

మొదటిసారి అరకు వెళ్లినప్పుడు మేము పదకొండుగురం. డిసెంబరు నెల, రెండు కార్లు. మా తమ్ముడి పిల్లలు పధ్నాలుగు చోట్లతో జాబితా రాసుకొచ్చారు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే ఇద్దరు పిల్లలకు వాంతులు. డముకు దగ్గర ఆగాము, కాఫీ తోటల దగ్గర ఆగాము, గాలికొండ దగ్గర ఆగి ఫోటోలు తీసుకున్నాము. అరకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గిరిజన మ్యూజియం, చాపరాయి ఆ పూటే ముగించాలని పరుగులు తీశాము. మరునాడు పద్మాపురం తోటలో పిల్లలు బొమ్మరైలు ఎక్కి దిగమన్నారు. దిగువకు వచ్చేటప్పుడు ఎలాగూ దారిలోనే ఉంది కదా అని బొర్రా గుహలను చివరికి పెట్టుకున్నాము.

డిసెంబరులో ఆ ప్రాంతంలో సాయంత్రం అయిదున్నర లోపే పొద్దు కుంకుతుంది. మేము బొర్రా చేరేటప్పటికి టికెట్లు ఇవ్వడం ఆపివేశారు. పిల్లలు కోతులకు వేరుశనగకాయలు వేసి తృప్తి పడ్డారు. అమ్మీ కారు దిగలేదు. మోకాళ్లు నొప్పి కదా, దిగకపోవడమే మంచిదైందని మేము సర్దిచెప్పుకున్నాము. అసర్ నమాజు హడావుడిగా ముగించి తిరుగుదారి పట్టాము. మంచు కమ్ముకున్న ఘాట్‌లో డ్రైవరు వంగి కూర్చుని బండి నడుపుతుండగా, వెనుక సీటు నుంచి అమ్మీ అడిగారు: “షిమిలిగూడ స్టేషను దాటిపోయామా?”

ఎవరి దగ్గరా జవాబు లేదు. రైలు దారి వేరు, రోడ్డు దారి వేరు.

అబ్బా 1970ల ఆరంభంలో రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేరినప్పుడు మొదట పోస్టింగు వేసింది షిమిలిగూడలోనే. అమ్మీ కొత్తవలసలో అత్తవారింట ఉండేవారు. అబ్బా పదిహేను రోజులకొకసారి కొండ దిగి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా సొరంగాల గురించి, చలి గురించి, స్టేషనుకు ఆనుకుని ఉన్న కొండ గురించి, బొర్రా గుహల లోపలి చీకటి గురించి చెప్పేవారు. “పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక తీసుకెళతాను” అనేవారు. బదిలీ అయింది, మేము పుట్టాము, ఆ మాట అలాగే ఉండిపోయింది. అబ్బా పోయి ఇప్పటికి తొమ్మిదేళ్లు. పధ్నాలుగు చోట్ల జాబితాలో షిమిలిగూడ లేదు. ఎందుకు లేదంటే, జాబితా రాసేటప్పుడు అమ్మీని ఎవరమూ అడగలేదు.

రెండోసారి వెళ్లాలని నిశ్చయించుకున్నప్పుడు మేము మొదట చేసిన పని ఫోను పక్కన పెట్టడం. ప్రయాణంలో ముగ్గురున్నా ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. పదకొండుగురికి అమీరు లేకపోతే ఏమవుతుందో మొదటి ప్రయాణంలో చూశాము. ప్రతి మలుపు దగ్గరా ఒకరు ఆగుదామంటారు, ఒకరు పోదామంటారు. చివరకు ఎవరి గొంతు పెద్దదో వారి మాట నెగ్గుతుంది. ఈసారి మా ఆపాను అమీరుగా పెట్టుకున్నాము. ఆమె బడిలో లెక్కల టీచరు. అన్నదమ్ముల మధ్య తగవు వస్తే ఎవరి పక్షమూ వహించదు. ప్రయాణాల్లో దైవప్రవక్త (స) సమూహానికి వెనుకగా నడుస్తూ, బలహీనులను ముందుకు సాగించి, అవసరమైతే తన వాహనంపై వెనుక ఎక్కించుకుని, వారి కోసం దుఆ చేసేవారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆపా లెక్క అక్కడి నుంచే మొదలైంది. గుంపులో అందరికంటే మెల్లగా నడిచేది ఎవరు? వారి కాళ్లకు ఓపిక ఉండేది ఏ వేళ? వారికి ఏది కావాలి?

తరువాత ఆమె మరో ప్రశ్న వేసింది: మన కోసం ఆగనివి ఏవి? కొండ ఎక్కడికీ పోదు, తోట ఎక్కడికీ పోదు. రైలు ఆగదు, సంత ఆగదు, సూర్యుడు ఆగడు. ముందుగా వాటిని కాగితం మీద మేకులు కొట్టినట్టు దిగగొట్టి, మిగిలినవాటిని వాటి మధ్య సర్దాలి.

రైలు సంగతి కొంత వివరంగా చెప్పాలి. అరకు మీదుగా పోయే కొత్తవలస – కిరండూల్ మార్గాన్ని, బైలడీలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం కోసం 1960లలో నిర్మించారు. మనుషుల విహారం కోసం వేసిన దారి కాదది. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, షిమిలిగూడ, తరువాత అరకు. ఈ మార్గంలో మొత్తం 58 సొరంగాలు ఉన్నాయని చెబుతారు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న షిమిలిగూడ, దేశంలో బ్రాడ్‌గేజి మార్గంపై అత్యంత ఎత్తైన స్టేషనుగా చాలాకాలం పేరు పొందింది. కిరండూల్ వెళ్లే రైలు విశాఖ నుంచి ఉదయం ఏడు గంటలలోపే బయలుదేరుతుంది, నాలుగు గంటలు అటూఇటూగా అరకు చేరుతుంది. వేళలు మారుతుంటాయి కనుక టికెట్టు తీసుకునేటప్పుడే సరిచూసుకోవాలి. 2017 నుంచి ఈ రైలుకు అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలిస్తున్నారు. దాని టికెట్టు ఖరీదు, సెలవుల్లో దొరకడమూ కష్టం. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా సొరంగం సొరంగమే. తిరుగు రైలు అరకు నుంచి సాయంత్రం వేళ బయలుదేరుతుంది. చలికాలంలో అయితే కొండ దిగేలోగా చీకటి పడిపోతుంది, కిటికీలో మన ముఖమే కనిపిస్తుంది. కాబట్టి ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. ఇందులో సందేహం అక్కరలేదు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. రైలులో వెళ్లేవారు చాలామంది బొర్రా గుహలు స్టేషనులో దిగి, గుహలు చూసుకుని, అక్కడి నుంచి బండి కట్టించుకుని అరకు వెళతారు. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి అదే మేలైన పద్ధతి, ఎందుకంటే మెట్లు దిగి ఎక్కే పని ఉదయం పూటే అయిపోతుంది. కానీ షిమిలిగూడ బొర్రా తరువాత వస్తుంది. బొర్రాలో దిగితే షిమిలిగూడ పోతుంది. అరకు దాకా రైలులోనే వెళితే బొర్రా మళ్లీ తిరుగు ప్రయాణానికి పోతుంది, మొదటిసారి జరిగిందే జరుగుతుంది. దీనిమీద మా ఇంట్లో రెండు సాయంత్రాలు వాదన నడిచింది. తమ్ముడు అమ్మీని బుజ్జగించి బొర్రాకే ఒప్పించాలన్నాడు. స్టేషను అంటే ఒక ప్లాట్‌ఫారం, ఒక బోర్డు, అంతే కదా అన్నాడు. తప్పుగా అనలేదు. అయినా ఆ మాట అమ్మీ వినేలా అనకుండా ఉండవలసింది.

ఆపా కాగితం తిప్పి చూపింది. మొదటిసారి మన పొరపాటు బొర్రాను చివరి రోజుకు పెట్టడం కాదు, చివరి గంటకు పెట్టడం. మూడో రోజు ఉదయం అరకు నుంచి నేరుగా బయలుదేరితే బొర్రా సుమారు 35 కిలోమీటర్లు. గుహలు తెరిచే వేళకు అక్కడ ఉంటాము. రాత్రి నిద్రపోయి లేచిన కాళ్లు, నిండా వెలుతురు. గుహల తరువాత అనంతగిరి మీదుగా ఘాట్ దిగితే మగ్రిబ్‌కు ముందే మైదానంలో ఉంటాము. జాబితాలో బొర్రా స్థానం మారలేదు, గడియారంలో మారింది. వరుస అంటే ఊళ్ల వరుసేనని అంతవరకూ అనుకున్న మేము, గంటల వరుస కూడా ఒకటుంటుందని అప్పుడు గ్రహించాము.

రెండో మేకు సంత. అరకులో వారపు సంత శుక్రవారం. చుట్టుపక్కల కొండల నుంచి ఆదివాసులు పసుపు, చింతపండు, అల్లం, చిక్కుడు గింజలు, చీపుర్లు తెచ్చి అమ్ముకుని ఉప్పు, బట్టలు, సామాన్లు కొనుక్కుని వెళతారు. మనకు అది వినోదం కావచ్చు, వారికి మాత్రం వారం గడిచే బతుకుతెరువు. బుట్ట ముందు కూర్చున్న తల్లి ముఖానికి ఫోను ఎక్కుపెట్టకుండా, ముందు అడిగి, వద్దంటే ఊరుకోవాలని పిల్లలకు బయలుదేరే ముందే చెప్పాము. బేరం కూడా వద్దన్నాము. నగరంలో పెద్ద దుకాణంలో బేరమాడని మనం ఇక్కడ అయిదు రూపాయల దగ్గర పట్టుబట్టడం న్యాయం కాదు. సంత శుక్రవారం కాబట్టి ప్రయాణం గురువారం మొదలుకావాలి. శుక్రవారం ఉదయం సంత, ఆపైన జుమా. విశాఖ నుంచి అరకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ విధానం ప్రకారం అది ముసాఫిర్ దూరమే. ముసాఫిర్‌పై జుమా విధి కాదు, జుహర్ చదువుకోవచ్చు. అయినా దగ్గరలో జుమా ఎక్కడ జరుగుతుందో బయలుదేరకముందే వాకబు చేసి పెట్టుకున్నాము.

ఖస్ర్ గురించి ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఒకరు తడబడతారు. జుహర్, అసర్, ఇషాలలోని నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చదవాలి. ఫజర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే ఆయనతో పాటు పూర్తిగా చదవాలి. చలికాలం అరకు నీళ్లు వేళ్లను కొరికేస్తాయి. తోలు మేజోళ్లు ఉన్నవారు, వుజూతో వాటిని తొడుక్కుంటే ముసాఫిర్‌కు మూడు పగళ్లు మూడు రాత్రుల వరకు వాటిపై మసహ్ చేసుకునే వెసులుబాటు ఉంది. అమ్మీకి ఇది ఎంత మేలు చేసిందో చెప్పలేము.

మూడో మేకు కొట్టబోయి పీకేశాము. అదే లంబసింగి. కుర్రవాళ్ల ఆశ అంతా దానిమీదే. అరకు నుంచి పాడేరు, వంజంగి కొండపై సూర్యోదయం, జి.మాడుగుల మీదుగా చింతపల్లి, లంబసింగి, అక్కడి నుంచి నర్సీపట్నం దిగి విశాఖ. కాగితం మీద చూస్తే చక్కటి చుట్టు, వెళ్లిన దారిన తిరిగి రానక్కరలేదు. ఇబ్నె బతూతాకు నచ్చే దారి. సాధ్యమైనంతవరకు ఒకసారి నడిచిన దారిన రెండోసారి నడవకూడదన్నది ఆయన నియమం. కానీ వంజంగి పొగమంచు చూడాలంటే తెల్లవారకముందే లేచి కొండ ఎక్కాలి. ఫజర్ కొండపైనే చదువుకోవాలి. అమ్మీ ఎక్కలేరు, ఆమెతో ఒకరు ఉండిపోవాలి. పైగా ఆ దారిన పోతే బొర్రా మళ్లీ చేజారుతుంది. అందుకని కొట్టివేశాము. కుర్రవాళ్లు ఆ రాత్రి భోజనానికి ఆలస్యంగా వచ్చారు. చివరకు ఆపా ఒక మార్గం చూపింది. శుక్రవారం సాయంత్రం చాపరాయి దాకా అందరం కలిసి వెళతాము. అది పాడేరు దారిలోనే ఉంది. అక్కడి నుంచి పెద్ద పిల్లలు ముగ్గురూ మా అల్లుడితో కలిసి పాడేరు వెళ్లి, తమ చుట్టు తాము పూర్తిచేసుకుని విశాఖలో కలుస్తారు. ఇల్లంతా ఒకే బండిలో తిరిగితేనే కుటుంబ విహారం అన్న పట్టుదల మేము ఆ రోజు వదులుకున్నాము.

ఈ మాటలు రాస్తుండగానే, ఉమ్రాకు కుటుంబంతో బయలుదేరుతున్న ఒక బంధువు ఫోను చేశారు. మక్కా ముందా, మదీనా ముందా, తిరుగుదారిలో ఇస్తాంబుల్‌లో మూడు రోజులు ఆగవచ్చా అని వారి ప్రశ్న. దేశాలు మారినా లెక్క అదే. జిద్దాలో దిగి నేరుగా మక్కా వెళ్లేవారు, విమానం మీఖాత్ దాటకముందే ఇహ్రాం సంకల్పం చేసుకోవాలి. అంటే రాత్రంతా ప్రయాణం చేసి, అలసిన ఒంటితోనే ఉమ్రా పూర్తిచేయాలి. మదీనాలో ముందు దిగితే నాలుగు రోజులు నమాజుల్లో, విశ్రాంతిలో గడిపి, ఊరి అంచునే ఉన్న జుల్‌హులైఫాలో ఇహ్రాం ధరించి మక్కా బయలుదేరవచ్చు. ఆ రెండు పుణ్యనగరాల మధ్య దూరం సుమారు 450 కిలోమీటర్లు. 2018 నుంచి హరమైన్ వేగపు రైలు నడుస్తోంది. వృద్ధులు వెంట ఉన్నప్పుడు మదీనా ముందు ఉండటమే మేలని మా అభిప్రాయం. మదీనాలో దిగి జిద్దా నుంచి తిరుగు విమానం ఎక్కే విధంగా టికెట్టు తీసుకుంటే వెనక్కి నడిచే పనీ ఉండదు. ఇస్తాంబుల్ సంగతి వేరు. ఉమ్రా తరువాత ఖర్జూరాలు, జంజం, కానుకలు, బరువెక్కిన పెట్టెలు. వాటిని మరో దేశంలో మెట్లు ఎక్కించి దింపడం ఎవరి వంతు అని అడిగాము. అవతలి నుంచి కాసేపు మౌనం. ఇంటి పెద్దామెకు ఏది కావాలో ముందు అడగండని చెప్పి ఫోను పెట్టేశాము.

ఇబ్నె బతూతా పేరు తలచాము కనుక ఒక మాట. 1325లో టాంజియర్ నుంచి హజ్‌కు బయలుదేరిన ఆయన, ఈజిప్టు దక్షిణాన ఐధాబ్ రేవు దగ్గర ఎర్రసముద్రం దాటాలనుకున్నారు. అక్కడ యుద్ధం వల్ల దారి మూసుకుపోయింది. కైరోకు వెనుదిరిగి, సిరియా మీదుగా డమాస్కస్ చేరి, అక్కడి హజ్ బిడారుతో మదీనా, మక్కా చేరుకున్నారు. అంత నియమం గల యాత్రికుడు కూడా నడిచిన దారినే వెనక్కి నడవవలసి వచ్చింది. వరుస రాసుకోవడం మన పని, అది అలాగే జరుగుతుందన్న హామీ మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మేము రాసుకున్న కాగితంపై పెద్ద అక్షరాలతో ఇన్షాఅల్లాహ్ అని ఉంది. ఒక పూట ఖాళీగా కూడా ఉంది.

ఆ ఖాళీ పూటే మాకు బాగా గుర్తుండిపోయింది. గురువారం మధ్యాహ్నం, అరకు చేరిన తరువాత, ఎక్కడికీ వెళ్లలేదు. పిల్లలు విడిది వెనుక చేలలో మిగిలిన వలిసె పూల మధ్య పరుగెత్తారు. దారి పక్కన బొంగులో చికెన్ అమ్మే అబ్బాయి దగ్గరకు తమ్ముడు వెళ్లి, కోడిని మేమే జబహ్ చేసుకుంటే మీరు వండి పెడతారా అని అడిగాడు. ఆ అబ్బాయికి ఈ ప్రశ్న కొత్త కాదు. నవ్వి కత్తి కడిగి ఇచ్చాడు. బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని తమ్ముడు పని ముగించాక, మసాలా కలిపి, వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు బిగించి నిప్పులపై తిప్పాడు. అడగడానికి మొహమాటపడి మొదటిసారి మేము రెండు రోజులూ అప్పడాలు, పెరుగన్నంతో గడిపాము!

ఇక ఆ ఉదయం సంగతి. రైలు శివలింగపురం దాటాక ఎత్తుకు ఎక్కుతున్న కొద్దీ పిల్లలు అల్లాహు అక్బర్ అంటూ సొరంగాలు లెక్కపెట్టసాగారు. ఎత్తు ఎక్కేటప్పుడు తక్బీర్, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అనడం సహాబాల అలవాటని అమ్మీ వారికి ముందురోజు నేర్పారు. ఇరవై దాటాక లెక్కలో తగవు వచ్చింది. బొర్రా స్టేషనులో సగం పెట్టె ఖాళీ అయింది. దిగేవారు మమ్మల్ని, మీరు దిగరా అన్నట్టు చూశారు. అమ్మీ కిటికీ వదలలేదు. షిమిలిగూడ వచ్చేసరికి ఎండ వచ్చింది. పసుపు బోర్డు, దానిపై ఎత్తు రాసిన అంకెలు, ఒక చెట్టు, ఎదురుగా కొండ. రైలు ఆగిందో లేదో అన్నంతసేపు ఆగింది. “ఈ కొండ గురించే చెప్పేవారు,” అన్నారు అమ్మీ. ఆ తరువాత అరకు దాకా మాట్లాడలేదు. మేమూ మాట్లాడించలేదు. తమ్ముడు లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

శనివారం ఉదయం గుహల ద్వారం తెరిచినప్పుడు మా ముందు నలుగురే ఉన్నారు. అమ్మీ ఒక చేత్తో ఆపా భుజం, మరో చేత్తో కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగారు. ఎవరూ తొందరపెట్టలేదు, తొందర పెట్టవలసిన పనీ లేదు. విశాలమైన మొదటి గది చేరాక అక్కడే కూర్చుంటానన్నారు. పిల్లలు సున్నపురాతి ఆకారాలలో ఏనుగును, పుట్టగొడుగును వెతుక్కుంటూ ముందుకు వెళ్లారు. ఆ గుహల పైభాగాన, కొండ మీదుగా, రైలు పట్టాలు పోతున్నాయని అక్కడి గైడు ఎవరికో చెబుతున్నాడు. అమ్మీ తల ఎత్తి పైకప్పు వైపు చూశారు. “మనం గురువారం పైనుంచి పోయామన్నమాట,” అన్నారు. తరువాత మోకాలు సవరించుకుని, ఇంకో పది మెట్లు దిగుదాం పదండి అని లేచారు.